బ్లాంకా దాచమన్న రొట్టె

"పది ముక్కలూ పెట్టావా, లేక కిందటేడులా ఒకటి మర్చిపోయావా?" అని మా ఆయన ఆర్మిన్ ముందు గదిలోంచి కేకేశాడు. నేను వంటింట్లో స్టవ్ వెనక గోడను సోడా పొడితో రుద్దుతున్నాను. మోచేతుల దాకా చర్మం నాని, ముడతలు పడి, నాది కానట్టుగా ఉంది.

"కిందటేడు మర్చిపోయింది నేను కాదు. నువ్వే తొమ్మిది వెతికి కూర్చున్నావు," అన్నాను.

"సరేలే, ఈసారి మరీ బీరువా వెనకాల పెట్టకు. నా నడుము సంగతి తెలుసుగా."

మా యూదుల పస్కా పండుగ రోజుల్లో ఇంట్లో పులిసిన రొట్టె తునక కూడా ఉండకూడదు. అందుకని పండుగకు నెల ముందు నుంచీ, కొట్టు మూసి వచ్చాక, ఇల్లంతా తిరగేసేదాన్ని నేను. పరుపులు దులపడం, జేబులు తిరగేయడం, పుస్తకాల పేజీల మధ్య విదిలించడం, ఏడాదంతా వాడిన గిన్నెలు అటక మీదికి, పస్కా గిన్నెలు కిందికి. చివరి సాయంత్రం మాత్రం కొవ్వొత్తి వెలిగించి, ఈక ఒక చేత్తో, చెక్క గరిటె ఒక చేత్తో పట్టుకుని ఇల్లంతా వెతికేది మగవాడు. అప్పటికే అద్దంలా తుడిచిన ఇంట్లో ఆయనకు దొరికేదేముంది? ఏమీ దొరక్కపోతే ఆయన చదివిన దీవెన వృథా అవుతుందట. కాబట్టి రొట్టెను పది ముక్కలు చేసి, కాగితాల్లో చుట్టి, మూలమూలనా నేనే పెట్టాలి. ఆయన వెతికి పట్టుకోవాలి. ఈకతో గరిటెలోకి తోసి, "చూశారా, ఇంకా ఎంతుందో!" అనాలి. నేను వ్యాపారం చేసే మనిషిని. కష్టం ఒకరిది, పేరు ఒకరిది అయిన బేరాలు చాలా చూశాను. ఇంత నున్నగా సాగే బేరం ఇంకెక్కడా చూడలేదు.

ఇజ్రాయెల్‌లో, హైఫా కొండ వాలులో, మెట్ల దారి పక్కన మా గుండీల కొట్టు. గుండీలు, దారాలు, లేసులు, జిప్పులు, ఎలాస్టిక్. బోర్డు మీద పేరు ఆర్మిన్‌ది. పొద్దున్నే తలుపు తెరిచేదీ, సరుకు తెచ్చేవాళ్ళతో గొడవపడేదీ, ఏ గుండీ ఏ డబ్బాలో ఉందో చూడకుండా తీసిచ్చేదీ నేను. ఆయన ఎండెక్కాక వచ్చి, ఎత్తు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతాడు. ఎవరైనా పెద్దమనిషి భార్యతో కలిసి వస్తే పేపరు మడిచి, "మా ఆవిడకు గుండీల తెలివి ఉందండీ. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో తెలివి ఇస్తాడు," అంటాడు. ఆ పెద్దమనిషి నవ్వుతాడు. ఆయన భార్య నవ్వదు, లేసు కొలత చూసుకుంటూ ఉంటుంది.

ఆ కొట్లో జిప్పుల కింది సొరుగు ఒక్కటి నాది. అందులో ఒక గుడ్డ సంచి ఉండేది. అరచేతిలో పట్టేంత, బూడిదరంగు దుప్పటి అంచుతో కుట్టింది, మెడలో వేసుకోవడానికి పేలిక తాడు. దాని లోపల బొటనవేలంత రొట్టె చెక్క. ఎండి, నల్లబడి, రాయి అయిపోయింది. దాన్ని ఎవరికీ చూపించేదాన్ని కాదు. గిరాకీ లేని మధ్యాహ్నాలు సొరుగు లాగి, సంచి మీద చెయ్యి వేసి, మళ్ళీ మూసేదాన్ని.

సంచి కుట్టింది నా చెల్లెలు బ్లాంకా. ఇప్పుడు నేను సూదులు పొట్లాలుగా అమ్ముతాను. కొన్నవాళ్ళు ఇంటికి వెళ్ళేలోపే ఒకటి పారేసుకుంటారు. యుద్ధకాలంలో జర్మన్లు మమ్మల్ని పెట్టిన శిబిరంలో మా బారక్కు మొత్తానికి సూది ఒక్కటే. ఫ్యాక్టరీ పనికి మమ్మల్ని ఆష్విట్జ్ నుంచి అక్కడికి తోలారు. సూది ఒక పోలండు ఆవిడది. తను కుట్టేది కాదు, అద్దెకిచ్చేది. ఒక సాయంత్రానికి అద్దె ఒక పూట రొట్టె. అక్కడ డబ్బంటే రొట్టే. రొట్టెతో దువ్వెన కొనొచ్చు, చెప్పులు కొనొచ్చు, గిన్నె పోతే గిన్నె కొనొచ్చు. కాకపోతే దాచుకున్న రొట్టె తెల్లారేసరికి ఉండేది కాదు. తల కింద పెట్టుకున్నా, గుప్పిట్లో పెట్టుకున్నా ఎవరో తీసుకుపోయేవాళ్ళు. బ్లాంకా ఒకరోజు అంది: "అక్కా, రోజూ దొంగలకు పోయేదానికంటే ఒక్క పూట అద్దె చవక కదే." ఆ పూట తిండి మానేసి సూది అద్దెకు తెచ్చింది. దుప్పటి అంచు చించి, ఆ దుప్పటిలోంచే దారం లాగి, దానికొకటి నాకొకటి సంచులు కుట్టింది. మా నాన్నది కొండల్లో ఓ చిన్న ఊళ్ళో బట్టల కొట్టు. ఆ కొట్టు లెక్కలు నాకంటే బ్లాంకాకే బాగా వచ్చు. బతికి ఉంటే ఈ గుండీల కొట్టు అదే నడిపేది, నేను లేసులు చుట్టుకుంటూ కూర్చునేదాన్ని.

బతికి ఉంటే అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పట్లో ఆ మాట నా నోటి నుంచి వచ్చేది కాదు.

ఆ చలికాలం దాని కాళ్ళు వాచాయి. ఒక పొద్దున వరసలో నిలబెట్టి లెక్కపెట్టేటప్పుడు జబ్బువాళ్ళను పక్కకు రమ్మన్నారు. ఆసుపత్రికి అన్నారు. అది వెళుతూ వెళుతూ మెడలోంచి సంచి తీసి నా చేతిలో పెట్టింది. "అక్కడ తిండి పెడతారట. ఇది నీ దగ్గర దాచు. తినేస్తావేమో, నాదే! వచ్చి తీసుకుంటా," అంది. నవ్వుతూనే అంది. చిన్నప్పుడు నా వాటా మిఠాయి ముందే తినేసి దాని వాటా మీద కన్నేసేదాన్ని, ఆ ఎగతాళి. తర్వాత లారీ వెళ్ళిపోయింది.

నేను తినలేదు. శిబిరం ఖాళీ చేసి మమ్మల్ని మంచులో నడిపించినప్పుడు తినలేదు, నడవలేక పడిపోయినవాళ్ళు లేవనప్పుడు తినలేదు. ఇది విని ఎవరైనా "ఎంత గొప్ప మనసు!" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. గొప్పతనం కాదు, లెక్క. ఎదుటివాళ్ళు దాచమని ఇచ్చిన సొమ్ము వాడేసుకున్నామంటే, ఇక వాళ్ళు రారని తేల్చుకున్నట్టే. ఆ సొమ్ము ఉన్నంతకాలం ఆ మనిషి రావడానికి దారి ఉంటుంది. మా నాన్న కొట్లో నేర్చుకున్న మొదటి సంగతి అది.

ఆర్మిన్‌కు ఇది అర్థమయ్యేది కాదు. అతని వాళ్ళందరికీ తేదీలున్నాయి. అమ్మ, నాన్న, తమ్ముళ్ళు, ఏ రోజు పోయారో తెలియకపోయినా మా మతగురువు రబ్బీని అడిగి తలా ఒక రోజు అనుకున్నాడు. ఆ రోజున దీపం వెలిగించి, ప్రార్థనా మందిరంలో చనిపోయినవాళ్ళ కోసం చదివే కద్దిష్ చదివి వస్తాడు. ఏటా నన్ను అడిగేవాడు.

"మీ చెల్లెలికి కూడా ఒక తేదీ అనుకోరాదూ? పాపం, దానికోసం చదివేవాళ్ళు ఎవరున్నారు?"

"వస్తానంది."

"హెర్మినా, మన యాఫా పుట్టి పెద్దదైంది. ఇంకా ఎక్కడి నుంచి వస్తుంది?"

"దాని రొట్టె నా దగ్గర ఉంది. సొమ్ము నా దగ్గర పెట్టుకుని మనిషి లేదని ఎట్లా అంటాను?"

"రొట్టె ముక్కకు కూడా వడ్డీ కట్టేలా ఉన్నావు!" అని నవ్వేవాడు. ఆయన నవ్వితే ఎదురుగా ఉన్నవాళ్ళకు తామే పిచ్చివాళ్ళమనిపిస్తుంది. అది ఆయన తెలివి.

మరి ఏటా పస్కాకు ఆ రొట్టెను ఏం చేసేదాన్ని? దానికో దారి ఉంది. కాల్చలేనంత సరుకు ఉన్నవాళ్ళు దాన్ని ఒక సొరుగులో పెట్టి, తాళం వేసి, కాగితం అంటించి, రబ్బీ ద్వారా యూదుడు కాని మనిషికి అమ్మేస్తారు. పండుగయ్యాక తిరిగి కొంటారు. మా వీధి సరుకంతా ఏటా కొనేది కొండ దిగువన ఉండే ఒక అరబ్బు పెద్దమనిషి. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ప్రతి వసంతంలో ఏడు రోజులపాటు నా చెల్లెలి రొట్టె ఆయన సొంతం. ప్రతిసారీ ముట్టకుండా, అడక్కుండా, ఎలా తీసుకున్నాడో అలాగే తిరిగి ఇచ్చాడు. సొంతవాళ్ళ నుంచి అంతకంటే నేనేం కోరాను?

ఈ ఏడు రెండు సంగతులు కొత్తగా వచ్చాయి. ఒకటి, ఆర్మిన్ అక్క సెరెనా. చలికాలంలో భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. యుద్ధానికి ముందే ఈ దేశం వచ్చిన మనిషి. ఎండలో రాళ్ళు మోసింది, ఇసకలో గుడారాల్లో పిల్లల్ని కనింది. ఆ కష్టం అబద్ధం కాదు. కానీ ప్రతిదానికీ అదే కొలబద్ద. "మీరంతా దిగేసరికి రోడ్లు వేసి ఉన్నాయమ్మా," అంటుంది. ఒకసారి బఠాణీలు వలుస్తూ, ఏదో వంటకం ఎలా చేయాలో అడిగినట్టు అడిగింది: "ఏం హెర్మినా, అంతమంది ఉన్నారు కదా, ఒక్కరైనా ఎదురు తిరగలేకపోయారా?" నేను బఠాణీల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాను. మాట్లాడితే అమ్ముడుపోయే సరుకు కాదది.

రెండోది, మా ఊరి సంఘం వాళ్ళ అద్దాల బీరువా. ఆ కొండ ఊళ్ళ నుంచి బతికి వచ్చినవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆర్మిన్ పెద్ద. శిబిరాల నుంచి ఎవరెవరు ఏం తెచ్చుకున్నారో అవన్నీ ఒకచోట పెడదామన్నారు. ఒకావిడ చెంచా, ఒకాయన బెల్టు, ఎవరిదో పళ్ళూడిన దువ్వెన.

"నేను సంఘం పెద్దని. నా ఇంటి నుంచి ఒక్కటీ లేకపోతే నలుగురిలో బావుంటుందా?" అన్నాడు ఆర్మిన్.

"నీది ఏదైనా ఉంటే పెట్టు."

ఆయన దగ్గర ఏమీ లేదు. ఆయన్ని కూలి దళంలో వేసి రష్యా సరిహద్దు దాకా తోలారు. చచ్చినవాడి కోటు ఒకటి తొడుక్కుని తిరిగొస్తుంటే, ఆ కోటు కూడా రైల్లో ఎవరో కొట్టేశారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వడు. నా సంచి మీద ఆయన కన్ను ఎందుకు పడిందో నాకు తెలుసు. లేనివాడికి ఉన్నవాళ్ళ మీద ఉండే కన్ను అది.

"నాదీ నీదీ ఏంటి? మనది," అన్నాడు.

"మనదైతే బోర్డు మీద నీ పేరొక్కటే ఎందుకుంది?"

"ఇదిగో, కొట్టుకీ దీనికీ లంకె పెడతావేం! పిల్లలు చూస్తారు, నేర్చుకుంటారు. సొరుగులో మగ్గితే ఎవరికి లాభం?"

వారం రోజులు బేరం సాగింది. చివరికి నేనే మెత్తబడ్డాను. పండుగ దాటాక, సొరుగు తిరిగి మాదయ్యాక, సంచి చూపించొచ్చు. రొట్టె లోపలే ఉండాలి. విప్పకూడదు, ఎవరి చేతికీ ఇవ్వకూడదు. సాయంత్రానికి తిరిగి సొరుగులోకి రావాలి. "అలాగే," అన్నాడు. "చెయ్యి ఇవ్వు," అన్నాను. మా వ్యాపారుల్లో "అదృష్టమూ దీవెనా" అని చెయ్యి కలిపితే బేరం ముగిసినట్టే. ఆ తర్వాత కాగితాలు అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు. ఆ చెయ్యి తప్పినవాడికి మర్నాటి నుంచి బజారులో ఎవరూ సరుకివ్వరు. ఆర్మిన్ చెయ్యి కలిపి, ఆ రెండు మాటలూ అన్నాడు. పెళ్ళినాటి మాటల కన్నా వాటి మీదే నాకు నమ్మకం.

పస్కా ముందు రోజు పొద్దున కొట్లో ఊపిరాడనంత జనం. చివరి నిమిషంలో కోటు గుండీ ఊడినవాళ్ళు, మేజోళ్ళు జారిపోయేవాళ్ళు, పిల్లల లంగాకు అంచు కావాల్సినవాళ్ళు. అంత సందడిలో సొరుగుకు కాగితం అంటించడానికి వంగాను. తాళం తీసే ఉంది. సొరుగు లాగాను. ఖాళీ.

జిప్పుల కింద చూశాను. పక్క సొరుగులు చూశాను. నిన్న మధ్యాహ్నం ఆర్మిన్ తాళంచెవి అడిగి తీసుకున్నాడు, జిప్పులు చూడాలని. ఆయన జిప్పులు చూడటం నేనెప్పుడైనా ఎరుగుదునా? నాకెందుకు తట్టలేదు?

"హెర్మినా, కాస్త వదులు ఎలాస్టిక్ ఇవ్వు. ఈ రాత్రి భోజనంతో మా ఆయన పొట్ట ఇంకో అంగుళం పెరుగుతుంది," అంది ఎదురుగా ఉన్నావిడ.

కొలిచి, కత్తిరించి, చుట్టి ఇచ్చాను. చిల్లర ఇచ్చాను. ఆవిడ పండుగ శుభాకాంక్షలు చెబితే తిరిగి చెప్పాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వెనక ఉన్నవాళ్ళు "అదేంటమ్మా, మా సంగతి?" అంటుండగా తలుపు మూసి తాళం వేశాను. పట్టపగలు, గిరాకీ ఉండగా కొట్టు మూయడం నా జీవితంలో అదే మొదలు.

మెట్లెక్కుతుంటే కొండంతా పొగ. ప్రతి పెరట్లోనూ మగవాళ్ళు డబ్బాల్లో మిగిలిన రొట్టె కాలుస్తున్నారు, పిల్లలు చుట్టూ గెంతుతున్నారు. మా పెరట్లో డబ్బా అప్పటికే చల్లారింది. లోపల బూడిద, కాలిన ఈక కాడ. వంగి చూశాను. చూస్తే ఏం తెలుస్తుంది? ఏ బూడిద దేనిదో ఎవరు చెప్పగలరు?

ఇంట్లో సబ్బు వాసన. బల్ల మీద ఇస్త్రీ గుడ్డ, దాని మీద సంచి. మురికి వదిలి, రంగు వెలిసి తెల్లబడింది. దాని ముందు యాఫా, చెంపలు ఎర్రబడి, చేతిలో ఇస్త్రీ పెట్టె.

"అమ్మా, చూడు, ఎంత బాగా వచ్చిందో! నేనే ఇస్త్రీ చేశా."

నా కూతురు ఆ సంచిని తాకడం అదే మొదటిసారి. బళ్ళో పిల్లల ముందు మా ఊసు ఎత్తడానికే సిగ్గుపడే పిల్ల, మొదటిసారి నా వస్తువు ఒకటి చేతిలోకి తీసుకుంది. దాని చేతిలోంచి ఇస్త్రీ పెట్టె తీసి పక్కన పెట్టాను.

"ఎంత మురికమ్మా!" అంటూ సెరెనా వంటింట్లోంచి వచ్చింది. "నీళ్ళు మార్చీ మార్చీ నా చేతులు పడిపోయాయి. ఇలాంటిది అద్దాల బీరువాలో పెడితే ఈ ఇంటి ఆడవాళ్ళకు ఉతకడం కూడా రాదనుకోరూ?"

"లోపల ఉన్నదేది వదినా?"

"ఆ రొట్టె చెక్కా? మంచిదానివే! పస్కా పూట ఇంట్లో రొట్టె పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కొట్టుకు పోయావు. నా కంట పడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పాపం ఇంటిల్లిపాదికీ చుట్టుకునేది. తమ్ముడికిచ్చా. ఆ పది ముక్కలతో పాటు కాల్చేశాడు."

ఆర్మిన్ స్నానం చేసి, పండుగ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. గడ్డం తడిగా ఉంది.

"నువ్వు చూశావా దాన్ని?" అన్నాను.

"చూడకేం? ఎండి రాయిలా ఉందిగా, ఒక పట్టాన అంటుకోలేదు. కిరసనాయిలు పోయాల్సి వచ్చింది."

రొట్టె కాల్చాక మగవాడు ఒక మాట చదవాలి. నా ఆధీనంలో ఉన్న పులిసినదంతా, నేను చూసినదీ చూడనిదీ, తీసేసినదీ తీసేయనిదీ, ఎవరిదీ కాకుండా పోవుగాక, నేల మీది దుమ్ముతో సమానమగుగాక. ఆ మాట కూడా చదివే ఉంటాడు. ఆయన ఏదీ మర్చిపోయే మనిషి కాదు.

"చెయ్యి కలిపావు," అన్నాను.

"సంచి గురించి కదా కలిపింది? సంచి భద్రంగా ఉందిగా!" సంచి ఎత్తి చూపించాడు. "సంఘం కార్యదర్శి కల్మాన్ గారు పండుగ మధ్యలోనే వస్తానన్నారు. నువ్వు సొరుగు మూసి అమ్మేస్తే అప్పుడెట్లా తీస్తాను? అందుకే ముందే తెచ్చా. అయినా రొట్టెను బీరువాలో పెట్టరు హెర్మినా, ఎలకలు పడతాయి."

"అది దాచమని ఇచ్చింది, ఆర్మిన్. నాది కాదు."

"సరే, అరవకు. పండుగ పూట. పిల్ల చూస్తోంది."

నేను అరవలేదు. నా గొంతు వంటింటి దాకా కూడా వినిపించి ఉండదు. ఆడవాళ్ళు మెల్లగా అన్నా అరిచినట్టు వినపడే చెవులు కొన్ని ఉంటాయి. సంచి తీసుకుని మూతి తెరవబోయాను. తెరుచుకోలేదు. ఉన్ని గుడ్డ కదా, వేడి నీళ్ళకు ముడుచుకుపోయింది. చిటికెనవేలు కూడా దూరదు. తలకిందులు చేసి విదిలించాను. కుట్టు సందుల్లో ఇన్నేళ్ళూ ఇరుక్కుని ఉన్న పొడి కూడా రాలలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మా ఇంట్లో వాడే సబ్బు వాసన వచ్చింది.

"ఏంటది, వాసన చూస్తున్నావు? బాగానే ఉతికాలే," అంది సెరెనా.

చికెన్ పులుసు పొయ్యి మీద పెట్టే వేళయింది. పెట్టాను.

ఆ సాయంత్రం ఆర్మిన్ ప్రార్థనా మందిరం నుంచి ముఖం వెలిగిపోతూ వచ్చాడు. నా కోసం కానుక తెచ్చినట్టు గుమ్మంలోనే చెప్పాడు.

"నీ కోసమే రబ్బీ గారిని ప్రత్యేకంగా అడిగొచ్చాను. అంత పాత రొట్టె, కుక్క కూడా ముట్టనిది, ధర్మం ప్రకారం అసలు రొట్టే కాదట! కాల్చకపోయినా తప్పులేదట. అంటే ఏమైంది? పోయింది రొట్టే కాదన్నమాట. ఇంక దేనికి ముఖం మాడ్చుకోవడం?"

"అయితే కిరసనాయిలు దండగ," అంది సెరెనా.

ఆర్మిన్ నవ్వాడు. యాఫా కూడా నవ్వింది, తర్వాత నా వైపు చూసి ఆపేసింది.

కుక్క ముట్టనిది రొట్టె కాదు. ఆ ధర్మం ఎవరు చెప్పారో గానీ, చెప్పినవాళ్ళు కుక్కలను చూశారు, మమ్మల్ని చూడలేదు. శిబిరంలో కావలివాళ్ళ కుక్కలకు మాంసం పెట్టేవాళ్ళు. మా రొట్టెలో రంపపు పొడి కలిసేది. ఒకసారి ఒక కుక్క మా రొట్టె ముక్కను వాసన చూసి వదిలేసి పోతే, దాన్ని ఎవరు ముందు అందుకోవాలని నలుగురు ఆడవాళ్ళు బురదలో పడ్డారు. అందులో బ్లాంకా ఉంది, నేనూ ఉన్నాను. ఆ లెక్కన మేం తిన్నదేదీ రొట్టె కాదు. రొట్టె కానిదాన్ని సూదికి అద్దెగా కట్టింది. రొట్టె కానిదాని కోసం సంచి కుట్టింది. రొట్టె కానిదాన్ని నా చేతిలో పెట్టి వచ్చి తీసుకుంటానంది. ఆర్మిన్ ఓదార్చడానికే ఆ మాట తెచ్చాడు. తిట్టడానికి అన్నవాళ్ళను తిరిగి తిట్టొచ్చు. మనం పోగొట్టుకున్నదాన్ని తూచి చూసి, "బరువే లేదు, బాధపడకు," అనే మనిషిని ఏం చేస్తాం?

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఆర్మిన్ దిళ్ళకు ఆనుకుని కూర్చున్నాడు. ఈజిప్టు బానిసత్వం వదిలిన మనిషి అలా ఆనుకుని కూర్చోవాలట. దిళ్ళ గలేబులు నేను కుట్టినవే. పొంగని రొట్టెల పళ్ళెం ఎత్తి, మన పితరులు తిన్న బాధల రొట్టె ఇదేననీ, ఆకలిగొన్న వారందరూ వచ్చి తినండనీ గట్టిగా చదివాడు. గొంతు వణికింది. నిజంగానే వణికింది. ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు వేరని, ఆనవాయితీగా పిల్లలు అడగాల్సిన ప్రశ్న యాఫా అడిగింది. నాకు మటుకు గిన్నెలు వేరు, కడగడం ఒకటే. పులుసు వడ్డించాను. సెరెనా రెండోసారి వేయించుకుని, ఉప్పు తక్కువైందంది. ఆకలిగొన్న వారందరినీ పిలిచిన ఆ ఇంట్లో నేను ఎప్పుడు తిన్నానో, అసలు తిన్నానో లేదో నాకు గుర్తులేదు.

పండుగ మధ్యలో కల్మాన్ గారు వచ్చారు. మంచి మనిషి. చెప్పులు గుమ్మంలో బాగా తుడుచుకుని లోపలికి వచ్చారు. సంచిని రెండు చేతులతో అందుకుని, కళ్ళజోడు పైకి తోసి, కుట్టు మీద వేలు పెట్టి చూశారు.

"ఎంత శుభ్రంగా ఉంచుకున్నారు! ఎవరు కుట్టింది?"

"మా ఆవిడే," అన్నాడు ఆర్మిన్. "దుప్పటి చింపి కుట్టింది. అలాంటి చోట కూడా మన ఆడవాళ్ళు చేతిపని మర్చిపోలేదని పిల్లలకు చెప్పాలి. అది రాయండి."

"లోపల ఏం పెట్టుకునేవారమ్మా?" అని కల్మాన్ గారు నన్నే అడిగారు.

"ఏముంటుందండీ, ఖాళీయే," అంది సెరెనా. "నేనే ఉతికాగా."

నేను కాఫీ కప్పులు బల్ల మీద పెట్టాను. సంచి అద్దంలోకి పోతుందనీ, దాని పక్కన ఆర్మిన్ కుటుంబం ఇచ్చిందని రాసి ఉంటుందనీ నాకు తెలుసు. అడ్డుపడాలనిపించలేదు. సొమ్ము పోయాక ఉత్త సంచి కోసం తగువు పడే వ్యాపారి ఎవరు? బ్లాంకా పేరు వాళ్ళకు చెప్పాలనీ అనిపించలేదు. పేరు చెబితే దాన్ని కూడా ఉతికి పెడతారు.

కల్మాన్ గారు కాఫీ తాగి, గొంతు సవరించుకున్నారు. పండుగయ్యాక మన ఊళ్ళలో పోయినవారందరికీ దీపాలు పెడుతున్నాం, మీ ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ ఆర్మిన్ గారు ఇచ్చారు, అన్నారు.

"ఒక్కతె మిగిలిపోయింది," అన్నాడు ఆర్మిన్. "మా ఆవిడ చెల్లెలు. దానికి కద్దిష్ చదువుదామంటే ఈవిడ తేదీ చెప్పదు. ఎన్నేళ్ళ నుంచి అడుగుతున్నానో! మీరైనా చెప్పండి కల్మాన్ గారూ."

"చెబుతాను," అన్నాను.

ఆర్మిన్ కప్పు కింద పెట్టాడు. అతని ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి పని చేశావు హెర్మినా. ఇక దానికీ శాంతి, నీకూ శాంతి," అన్నాడు.

"పస్కా ముందు రోజు," అన్నాను. "పొద్దున పూట."

కల్మాన్ గారు తల ఊపారు. "సంవత్సరం నలభై అయిదేగా అమ్మా?"

"కాదండీ. మొన్న. మా పెరట్లో."